చెరిసగం జవాబు

నేను ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. ఒక ప్రశ్నకు ఒకటే జవాబు. అది సర్పంచి కొడుక్కయినా సరే, పాలేరు కొడుక్కయినా సరే. అలాగే చెప్పాను, అలాగే పేపర్లు దిద్దాను, అలాగే రిటైరయ్యాను. రాజేశ్వరమ్మ టీచరు ఒక కంట్లో సున్నం, ఒక కంట్లో వెన్న పెట్టిందని తెనాలి చుట్టుపక్కల ఒక్కరు కూడా అనలేరు. అంటే ఊరుకునే రకాన్ని కూడా కాదు నేను. అలాంటి నాకు ఈ వయసులో, మిషిగన్‌లో మంచు కరిగే కాలంలో, ఒక చైనా మాస్టారు మళ్ళీ మొదటి నుంచి పాఠం చెప్పాడు. చెప్పినాయన మంచివాడే. పాఠమూ మంచిదే. మా ఇంట్లో మాత్రం ఒక మనిషి తగ్గిపోయాడు.

ఆ జనవరిలో నేను నోవైలో మా అమ్మాయి మనీషా ఇంటికి వెళ్ళాను. ఆరు నెలలుండి రావాలని. అల్లుడు ఆంజనేయప్రసాద్ కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మంచివాడు, మాట తక్కువ, భయం ఎక్కువ. ఎగతాళికి అనడం లేదు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడికి ఆ భయం ఎవరూ నేర్పక్కర్లేదు. వెనక పోలీసు కారు కనిపిస్తే చాలు, తప్పేమీ చేయకపోయినా పాట ఆపేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, బిగుసుకుని కూర్చుంటాడు.

పిల్లలు ఇద్దరు. పెద్దవాడు శ్రేయాస్, మూడేళ్ళప్పుడు తండ్రి వీసా కొంగు పట్టుకుని వచ్చాడు. చిన్నది నైనిక ఇక్కడే పుట్టింది గనక పుట్టుకతోనే ఇక్కడి పౌరురాలు. ఒక కడుపున పుట్టి, ఒక ఇంట్లో పెరిగినా, ఆ దేశానికి ఒకరు బిడ్డ, ఒకరు చుట్టం. నేను దిగిన వారంలోనే శ్రేయాస్‌కి ఇరవై ఒకటి నిండాయి. ఆ వయసు దాటాక తండ్రి వీసా కింద ఉండనివ్వరట. కాలేజీలో చదువుతున్నాడు గనక వాణ్ణి స్టూడెంట్ వీసా మీదికి మార్చారు. కేకు కోస్తున్నప్పుడు అల్లుడు మెల్లగా, "ఇక నీ స్టేటస్ నీదే నాన్నా, జాగ్రత్త," అన్నాడు. వాడు నవ్వేసి, తన ముక్కని రెండు చేసి, ప్లేటు చెల్లెలి ముందుకు జరిపాడు.

చెరిసగం ఆ ఇంటి ఆచారం. చిన్నప్పుడు ఇద్దరూ ప్రతిదానికీ కొట్టుకుంటుంటే మనీషా విసిగిపోయి ఒక రూలు పెట్టింది. ఏది వచ్చినా ఒకరు సగం చెయ్యాలి, రెండోవాళ్ళు ఎంచుకోవాలి. పిల్లలు ఎదిగినా రూలు పోలేదు. చివరి దోశ, ఫోను చార్జరు, కారులో ముందు సీటు, అన్నీ చెరిసగమే. మీసాలొచ్చిన మగపిల్లాడు దోశని కొలిచినట్టు చించి చెల్లెలి వంక చూడటం, అది చాలా ఆలోచించి ఒక ముక్క తీసుకోవడం చూసి నేను నవ్వుకునేదాన్ని.

గుణాలు మాత్రం వేరు. వాడిది ఉడుకు నెత్తురు. అనుకున్నదే తడవు చెప్పుల్లో కాళ్ళు పెడతాడు. నైనిక నోట్లో నాలుక లేని పిల్ల. హోటల్లో తనకేం కావాలో కూడా అన్న చెవిలో చెప్పి ఆర్డర్ చేయించుకునేది.

నైనిక పదకొండో తరగతి. వచ్చే ఏడాది కాలేజీలకు అప్లై చేయాలి. లైబ్రరీలో శనివారాలు షెన్ అనే రిటైరైన చైనా ప్రొఫెసర్ ఒక క్లాసు పెట్టాడనీ, ప్రజల పనులు చూడబోయే పిల్లలకు కన్ఫ్యూషియస్ కాలం నాటి పద్ధతిలో చదువు చెబుతాడనీ, అది అప్లికేషన్‌లో రాసుకుంటే బాగుంటుందనీ ఎవరో చెబితే మనీషా చేర్పించింది. దింపడానికి శ్రేయాస్, కిటికీలోంచి మంచు చూసి చూసి విసుగెత్తిన నేను, ఇద్దరమూ వెంట వెళ్ళాం. దింపడానికి వెళ్ళినవాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. తోటి టీచరు ఎలా చెబుతాడో చూడాలన్న దుగ్ధ ఎక్కడికి పోతుంది?

చూస్తే ఏముంది, ఆయన చెప్పలేదు. ఫ్లాస్కులోంచి చిన్న కప్పుల్లో టీ పోశాడు. పెద్దవాళ్ళకి ముందు అని మొదటి కప్పు నాకిచ్చాడు. తర్వాత పిల్లల్ని ఒకరికొకరు పోసుకోమన్నాడు. పోసుకున్నాక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. సగం క్లాసు అలాగే గడిచింది. నేనలా కూర్చుంటే మా హెడ్మాస్టరు మెమో చేతిలో పెట్టేవాడు. ఆఖరికి ఒక కుర్రాడు ఉండబట్టలేక, ఈ టీ ఎందుకని అడిగాడు. అప్పుడు నోరు విప్పాడు. గదిలో ఎవరి కప్పు ఖాళీగా ఉందో చూడనివాడు రేపు ఊళ్ళో ఎవరి కంచం ఖాళీగా ఉందో చూస్తాడా అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మొదటి కప్పు నాకివ్వడం అంతకంటే నచ్చింది.

ఆయన ఇంగ్లీషు నిదానంగా ఉండేది, నాకు బాగా అర్థమయ్యేది. ఆ రోజుల్లో కన్ఫ్యూషియస్ దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు రేపో మాపో ఏదో ఒక కొలువులో చేరాల్సినవాళ్ళట. వాళ్ళకి చట్టాలు బట్టీ పెట్టించడం కంటే ముందు మర్యాద, సంగీతం, పెద్దల దగ్గర నడవడి నేర్పేవారట. అడగనివాడికి చెప్పకపోవడం, చెప్పేది ముందు తాను చేసి చూపడం ఆ బడి పద్ధతులట. షెన్ మాస్టారు కూడా క్లాసు అయిపోగానే ఎవరికీ చెప్పకుండా కుర్చీలు మడిచి గోడకి చేర్చేవాడు. రెండో వారం శ్రేయాస్ లేచి అందుకున్నాడు. నాలుగో వారానికి ఆయన ఫ్లాస్కు మూత పెట్టేలోపే కుర్చీలన్నీ గోడకి చేరేవి.

మార్చిలో నైనిక మొదటిసారి నోరు తెరిచింది. వాళ్ళ స్కూల్లో వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పే టీచరమ్మ ఉద్యోగం తీసేస్తున్నారట. స్కూలు బోర్డు మీటింగులో ఎవరైనా లేచి మాట్లాడవచ్చట. మాట్లాడాలని ఉంది, భయమూ ఉంది. అది చెప్పలేక, ఒక పని మంచిదని తెలిసినప్పుడు వెంటనే చేసేయాలా అని మాత్రం అడిగింది.

"చేసెయ్," అన్నాడు షెన్ మాస్టారు. "ఎవరినీ అడగకు. వెళ్ళు."

వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మైకు ముందు నిలబడి, కాగితం పట్టుకుని, గొంతు కీచుమంటుంటే, చదివేసింది. ఆ టీచరమ్మ వెనక వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చాక నైనిక సోఫా మీద ఎగిరింది. పదహారేళ్ళ పిల్ల అలా ఎగరడం అదే మొదలు, అదే ఆఖరు కూడా.

తర్వాతి శనివారం శ్రేయాస్ అడిగాడు. వాడితో చదివే ఒక విదేశీ కుర్రాడి స్టేటస్ ఉన్నట్టుండి రద్దయిందట. ఎందుకో కాలేజీవాళ్ళకి కూడా తెలియదట. పిల్లలంతా కలిసి కాలేజీ ఆఫీసు ముందు రోడ్డు మీద కూర్చుందామనుకుంటున్నారు. చెల్లెలు అడిగిన మాటే అడిగాడు. మంచిదని తెలిసినప్పుడు వెంటనే చేసేయాలా?

షెన్ మాస్టారు వాడి కప్పులో టీ పోసి, "ఇంట్లో నీకు తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, ఈ పెద్దావిడ ఉంది," అన్నాడు. "వాళ్ళని అడగకుండా ఎలా చేస్తావు?"

వాడి మొహం కందిపోయింది. నాకూ ఒళ్ళు మండింది. పిల్లలు కారు దగ్గరికి వెళ్ళాక నేను మాస్టార్ని వరండాలో నిలదీశాను. ఇదేం పాఠమండీ, అదే ప్రశ్నకి చిన్నదానికి వెళ్ళమంటారు, పెద్దవాడికి అమ్మానాన్నల్ని అడగమంటారు, నా క్లాసులో ఇలా దిద్దితే తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు అన్నాను. ఆయన కోప్పడలేదు. మీ వంటింట్లో అన్నానికీ చేపలకీ ఒకటే మంట పెడతారా అని అడిగాడు. ఆ పిల్లకి మంట తక్కువ, పెంచాను. పిల్లవాడికి ఎక్కువ, తగ్గించాను. కన్ఫ్యూషియస్ కూడా శిష్యుణ్ణి బట్టే చెప్పేవాడు, ప్రశ్నని బట్టి కాదు అన్నాడు. చట్టం అలా మనిషిని బట్టి మారదండీ అన్నాను నేను. ఆయన తల ఊపి, అందుకే నేను చట్టం చెప్పడం లేదు, పిల్లలకి చెబుతున్నాను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పట్టుదల మనిషిని.

ఆ వారం మధ్యలో ఒకరోజు, మధ్యాహ్నం. వంటింట్లో నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. అల్లుడు ఆ రోజు ఇంటి నుంచే పని. డైనింగ్ టేబుల్ దగ్గర హెడ్‌సెట్ పెట్టుకుని ఇండియా టీముతో మాట్లాడుతున్నాడు. శ్రేయాస్ మెట్లు దిగి వచ్చాడు. జాకెట్ వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, తండ్రి కుర్చీ పక్కన నిలబడ్డాడు. వాడు అడగడానికే వచ్చాడు. ఇది నేను ఎవరి ముందయినా చెబుతాను. షెన్ మాస్టారు చెప్పిన మాట వాడు చెవిన పెట్టాడు. అల్లుడు స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా అరచెయ్యి ఎత్తి చూపించాడు, ఒక్క నిమిషం అన్నట్టు. వాడు నిలబడ్డాడు. అవతల ఎవరో ఏదో పాడు చేశారట, అల్లుడు గొంతు పెంచాడు. చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది.

నైనిక అప్పుడే స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కింద పడేసి, అన్నని చూసింది. సంగతి దానికి తెలుసు. దగ్గరికెళ్ళి మెల్లగా అంది. "అన్నా, నాకు 'జస్ట్ గో' అన్నారు కదా. దట్స్ మైన్. హాఫ్ నీది."

వాడు నవ్వాడు. దాని జుట్టు చెరిపి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వీళ్ళ ముచ్చట్లేమిటో అనుకుని నేను చిక్కుడుకాయల్లో పడ్డాను. అల్లుడు కాల్ అయ్యాక తలెత్తి, వాడేడీ అని అడిగాడు.

సాయంత్రం వాడు వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. పోలీసులు వచ్చి లేవమన్నారట. కొందరు లేచారు, కొందరు లేవలేదు. లేవనివాళ్ళకి తలా ఒక టికెట్, అంటే జరిమానా కాగితం, రాసిచ్చి ఇంటికి పొమ్మన్నారు. ఆ కాగితాన్ని పరీక్ష పాసైన సర్టిఫికెట్టులా బల్ల మీద పెట్టాడు. అల్లుడు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. నిలబడే చదివి, వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అరుస్తాడేమోనని అందరం చూశాం. అరవలేదు. "పిల్ల కాకికేం తెలుసు ఉండేలు దెబ్బ," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. చిన్న టికెట్టే కదా, జరిమానా కట్టేస్తే పోతుంది అన్నాను నేను. పౌరశాస్త్రం టీచర్ని కదా, నాకన్నీ తెలుసు మరి.

ఏప్రిల్‌లో, ఇంటి ముందు మంచు పోయి బురదగా ఉన్న రోజుల్లో, వాడికి కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. పోలీసు రికార్డులో పేరెక్కిందని స్టేటస్ టెర్మినేట్ చేశారట, అంటే ఇక ఆ దేశంలో ఉండే హక్కు లేనట్టే. రోడ్డు మీద వాడి పక్కనే కూర్చున్న పిల్లలు, అదే టికెట్ తీసుకున్నవాళ్ళు, ఇక్కడ పుట్టినవాళ్ళు, మర్నాడు మామూలుగా క్లాసులకి వెళ్ళారు. అదే రోడ్డు, అదే తప్పు, అదే కాగితం. చట్టం ముందు అందరూ సమానులే అని నేను ఎన్ని వేల సార్లు బోర్డు మీద రాశానో. చేతికి ఇంకా సుద్ద అంటుకున్నట్టే ఉండి సింకు దగ్గర ఊరికే చేతులు కడుక్కున్నాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మనీషా ఆఫీసుకి సెలవు పెట్టి లాయర్లకి ఫోన్లు చేసేది. శ్రేయాస్ స్నేహితులు వచ్చి, నీ తప్పేం లేదు, ఇదంతా అన్యాయం అనేవాళ్ళు. మనీషా కూడా అదే అనేది. ప్రతి ఒక్కరూ అదే అనేకొద్దీ వాడు ఇంకా ముడుచుకుపోయాడు. నైనిక అయితే ఏమీ అనలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరోజు దోశ వేసిపెడితే, ఆఖరిదాన్ని చించకుండా మొత్తం తీసుకెళ్ళి అన్న ప్లేట్లో పెట్టింది. వాడు సగం చేసి ముందుకు జరిపాడు. అది ముట్టుకోలేదు. ఆ సగం అలాగే ఎండిపోయింది. నేను తీసి పారేయలేక చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను.

శనివారం నేను ఒక్కదాన్నే లైబ్రరీకి వెళ్ళి షెన్ మాస్టారికి జరిగినదంతా చెప్పాను, సగం జవాబు సంగతితో సహా. మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చి కూర్చుని, కప్పులు పేర్చి మొదటి కప్పు శ్రేయాస్ ముందు పెట్టాడు. పెద్దదాన్ని నేను పక్కనే ఉన్నాను. నాకు రెండోది. ఆయన పొరపాటున చేసింది కాదది. వాడికీ అర్థమైంది, లేచి నిలబడి కప్పు అందుకున్నాడు.

"నీ గుణం చూసి చెప్పాను. నీ కాగితాలు ఎలాంటివో నాకు తెలియదు," అన్నాడు ఆయన. "తెలిసినా అదే చెప్పేవాణ్ణి. ఎందుకో కూడా చెప్పేవాణ్ణి."

నైనిక మెట్ల పైనే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, పైకి చూసి, నాతో నెమ్మదిగా అన్నాడు. "ఆ పిల్ల అడుగుతుంది, టీచర్. మిమ్మల్నే అడుగుతుంది. అప్పటిదాకా మీరేమీ చెప్పకండి. అడక్కముందు చెబితే అది ఓదార్పు. అడిగాక చెబితేనే జవాబు."

ఇది ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కళ్ళ ముందు ఆ పిల్ల కరిగిపోతుంటే, నీ తప్పు కాదే తల్లీ అని దగ్గరికి తీసుకోవాలని నాలుక చివరిదాకా వచ్చేది. పళ్ళ బిగువున ఆపుకున్నాను. మా క్లాసులో చెప్పడమే తప్ప కాచుకుని కూర్చోవడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

లాయరు రెండు దారులు చెప్పాడు. కోర్టుకి వెళ్ళవచ్చు, ఎంత కాలం పడుతుందో, ఏమవుతుందో చెప్పలేను, ఈ లోపల ఇక్కడ ఉండటం భయమే అన్నాడు. లేదంటే తొందరగా వెళ్ళిపోయి, ఇండియా నుంచి మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. కొడుకు గొడవ అల్లుడి గ్రీన్‌కార్డు ఫైలుకి చుట్టుకోదని లాయరు చెప్పినా, స్నేహితులు తలొక మాట చెప్పి భయపెట్టారు. అల్లుడు, మనీషా గదిలో గుసగుసలాడుకునేవాళ్ళు. గోడలు పల్చనివి. వాడికి వినపడింది. నాకూ వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం అల్లుడు అదే టేబుల్ దగ్గర, అదే హెడ్‌సెట్‌తో కాల్‌లో ఉన్నాడు. శ్రేయాస్ వచ్చి ఆ కుర్చీ పక్కనే, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఈసారి అల్లుడు చెయ్యి ఎత్తలేదు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అందులోంచి ఎవరిదో గొంతు సన్నగా వినపడుతూనే ఉంది.

"నాన్నా, ఈసారి అడుగుతున్నా," అన్నాడు వాడు. "ఇండియాకి వెళ్ళిపోనా?"

సింకు దగ్గర మనీషా కుళాయి కట్టేసింది. అల్లుడు వాడి మొహంలోకి చూశాడు. ఏళ్ళ తరబడి ఏది అడిగినా వద్దు, ఇప్పుడు కాదు, స్టేటస్ చూసుకోవాలి అనే మనిషి. వద్దంటాడని నేను ఎదురు చూశాను. వద్దనాలని మొక్కుకున్నాను కూడా.

"వెళ్ళు నాన్నా," అన్నాడు.

తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని, సారీ, చెప్పండి అన్నాడు అవతలివాళ్ళతో. రెండు మాటలు విని, కెమెరా ఆపేశాడు.

కోర్టుకి వెళ్ళిన కొందరు పిల్లలకి స్టేటస్ తిరిగి వచ్చిందని నేను తెనాలి వచ్చాక విన్నాం. అది విన్న రోజు అల్లుడు నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. ఆయన గురించి ఇంతకంటే చెప్పలేను.

నా విమానం టికెట్ జూలైకి ఉండేది. దాన్ని ముందుకి జరిపించి వాడితో కలిసి బయల్దేరాను. తెనాలిలో నా ఫ్లాటులో ఉంటాడు. తెలుగు మాట్లాడగలడు గానీ బోర్డులు చదవలేడు. అక్కడి ఎండ వాడికి తెలియదు. మూడేళ్ళ వయసులో వదిలిన దేశం వాడిది, వాడికి గుర్తున్నదల్లా ఈ దేశమే.

ముందు రోజు మధ్యాహ్నం సూట్‌కేసు సర్దుతున్నాను. నైనిక లోపలికి వచ్చి, మంచం అంచున కూర్చుని, వాడి స్వెట్టర్లు మడవడం మొదలుపెట్టింది. ఆ ఎండలో స్వెట్టర్లెందుకే అని నేననలేదు. అన్నీ మడిచేసి, ఆఖరి స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మమ్మా, ఇది నా ఫాల్టా?"

ఎన్నాళ్ళుగానో కాచుకున్న మాట.

"కాదమ్మా," అన్నాను. "రవ్వంత కూడా కాదు. నీకు దొరికింది అన్నకి పెట్టావు. నువ్వు పుట్టినప్పటి నుంచీ చేసే పనే చేశావు."

అది స్వెట్టర్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. అన్ని రోజుల్లో ఏడవడం అదే మొదలు. నేను దగ్గరికి తీసుకున్నాను. దాని వీపు చేతికి ఎముకలెముకలుగా తగిలింది.

డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో చెకింగ్ దగ్గర వాళ్ళు ముగ్గురూ ఆగిపోయారు. అల్లుడు వాడి భుజం మీద చెయ్యి వేసి తీయలేకపోయాడు. నైనిక చెయ్యి ఊపింది. మేం బెల్టులు, బూట్లు తీసి, మళ్ళీ తొడుక్కుని, గేటు దగ్గర కూర్చున్నాం. అద్దాల అవతల ఎండ బాగా కాస్తోంది. ఎక్కడా మంచన్నది లేదు. వాడు చాలాసేపు విమానాల వంక చూసి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"అమ్మమ్మా, ఇది నా తప్పేనా?"

అదే ప్రశ్న. వాణ్ణి తేరిపార చూశాను. నీ తప్పు కాదు, నీ తప్పు కాదు అని నెలన్నరగా అందరూ అని అని, వాడి చేతిలో ఏమీ లేకుండా చేశారు. తప్పు తనది కాకపోతే మరెవరిదని రాత్రింబవళ్ళు వెతుక్కుంటున్నాడు. వెతికితే దొరికేది ఒక్క చెల్లెలే.

"అవున్రా," అన్నాను. "వెళ్ళి కూర్చోవడం మంచి పనే. అది మాత్రం ఎవరేమన్నా వదులుకోకు. అడగకుండా వెళ్ళడం నీ తప్పు. నీకు చెప్పిన మాట వదిలేసి వేరే మాట తీసుకున్నావు. ఇచ్చినవాళ్ళది కాదు, తీసుకున్నవాడిది తప్పు. అది నీదే, ఇంకెవరిదీ కాదు."

వాడు నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు నిండాయి గానీ, మొహంలో ఏదో ముడి విడినట్టయింది. నా వైపు తిరిగాడు. నైనూకి ఏం చెప్పావని అడిగాడు.

నేను చెప్పలేదు. దానిది దానికి చెప్పాను, నీది నీకు చెప్పాను, ఈ ఒక్కటీ పంచుకోకండి అన్నాను.

ఇంతలో వాడి ఫోన్ మోగింది. నైనిక మెసేజ్. ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నారట. దాని కింద ఇంకో మెసేజ్ వచ్చింది. వాడు చదివి నాకు చూపించాడు. అమ్మమ్మ నీకేం చెప్పింది అని అడిగింది అది. వాడు ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. దానికి నేనేం చెప్పానో వాడికి తెలియదు. ఊహించే ఉంటాడు. ఆ చెల్లెలు ఏం వింటే అన్నం తింటుందో వాడికంటే ఎవరికి తెలుసు?

"నీకు చెప్పిందే," అని రాసి పంపాడు.

రాసింది నాకు కనపడేలా ఫోన్ నా వైపు తిప్పాడు, స్లేటు తెచ్చి చూపించే పిల్లాడిలా. ముప్పయ్యేళ్ళు ప్రతి తప్పు కింద ఎర్ర గీత గీసినదాన్ని. ఆ అబద్ధాన్ని మాత్రం దిద్దలేదు.